అరచేతిలో గడ్డకి రేడియేషన్: జర్మనీ దాకా వెళ్ళాలా, ఇక్కడే అవుతుందా?

పీణ్య_ప్రసాద్
బెంగళూరులో ఉంటాను. పీణ్యలో లేతు, మిల్లింగ్ పనులు చేసే చిన్న షాపు మాది. వయసు 53. కుడి అరచేతిలో ఉంగరం వేలి మొదట్లో ఒక గడ్డ లేచింది. పనివల్ల కాయ కాసిందేమో అనుకున్నా. కాయైతే పైతోలు గట్టిపడుతుంది. ఇది తోలు కింద ఉంది, పక్కన తోలు లోపలికి లాగి గుంట పడింది. ఈ మధ్య దాన్నుంచి వేలి వైపు తాడులాగా ఒకటి తగులుతోంది. నొప్పి లేదు. చెయ్యి ఇప్పటికి పూర్తిగా చాపగలుగుతున్నా.

ఒక ఎముకల డాక్టరుకి చూపిస్తే డూపిట్రెన్స్ అనే చేతి జబ్బు అన్నాడు, ముదిరితే వేలు వంగిపోతుందంట. "వేలు వంగాక రండి, ఆపరేషన్ చేసేద్దాం" అన్నాడు. వంగేదాకా చేతులు కట్టుకుని కూర్చోమనడం నాకు మింగుడు పడట్లేదు. మా అన్న ఒంగోల్లో ఉంటాడు. ఆయన చిటికెన వేలు అరచేతికి ఆనుకుపోయి ఏళ్ళయింది. ముద్ద కలుపుతుంటే వేలు అడ్డం, చొక్కా జేబులో చెయ్యి పెడితే తట్టుకుంటుంది. అంతకంటే బాధ, కుష్ఠేమో అని చుట్టాలు కొందరు పెళ్ళి పంక్తిలో ఆయన పక్కన కూర్చోలేదు. అది నా కళ్ళతో చూశాను.

మా బావమరిది డ్యూసెల్డార్ఫ్‌లో ఉంటాడు. జర్మనీలో ఈ దశలోనే రేడియేషన్ ఇచ్చి ముదరకుండా ఆపుతారంట. ఇక్కడ ఆ మాటెత్తితే "అది కాన్సర్‌కి కదా సార్" అంటున్నారు. ఎవరైనా వెళ్ళి చేయించుకున్నారా? అంత దూరం వెళ్ళడం సబబేనా?

హోసూరు_హరి
మా నాన్నకి ఇదే. ముందు సూదితో ఆ తాడుని తెంపారు. అదే రోజు వేలు చక్కగా చాపాడు, ఇంట్లో పండగ. కొన్నాళ్ళకి మళ్ళీ వంగింది. తర్వాత కోసి తీశారు. కట్టు, వేలు వంగకుండా పెట్టే స్ప్లింట్ పట్టీ, వ్యాయామాలు, నెలలు పట్టింది. ఇప్పుడు పక్క వేలికి మొదలైంది. అందుకని వంగకముందే ఏదైనా చేసే దారి ఉంటే నేనైతే వదలను.

నువ్వుల_నూనె
రోజూ రాత్రి గోరువెచ్చని నూనెతో గట్టిగా మర్దన చేసి వేళ్ళు వెనక్కి సాగదీయండి. మా ఇంట్లో అందరి కీళ్ళకీ అదే మందు. విమానాలెందుకు?

హేమ_హ్యాండ్‌థెరపీ
@నువ్వుల_నూనె కీళ్ళు బిగుసుకుంటే మర్దన మంచిదే, కాదనను. ఇది కీలు జబ్బు కాదు. అరచేతి తోలుకీ లోపలి స్నాయువులకీ మధ్య ఒక పొర ఉంటుంది. పట్టుకున్నది జారిపోకుండా తోలుని కిందికి అంటిపెట్టుకుని ఉంచేది అదే. ఆ పొరలో కణాలు అదుపు తప్పి కొల్లాజెన్ పేరుస్తాయి. ముందు గడ్డ, తర్వాత తాడు, తర్వాత ఆ తాడు కుదించుకుని వేలిని లాగుతుంది. సాగదీస్తే ఆగుతుందనడానికి రుజువు లేదు. గట్టిగా పిసికితే పెరిగే గడ్డని రెచ్చగొట్టినట్టే అని నా అభిప్రాయం. ఆపరేషన్ తర్వాత మాత్రం వ్యాయామం, స్ప్లింట్ కట్టడం ముఖ్యం.

ప్రసాద్ గారూ, మీ అన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఈ తేడా మీ చుట్టాలందరికీ చెప్పండి. కుష్ఠులో దెబ్బతినేది నరం. మోచేతి దగ్గర ఆ నరం లావెక్కి చేతికి తగులుతుంది, చిటికెన వేలి వైపు స్పర్శ పోతుంది, వేళ్ళు పులిపంజాలా వంగినా మొదట్లో రెండో చేత్తో లేపితే లేస్తాయి. డూపిట్రెన్స్‌లో స్పర్శ ఎక్కడికీ పోదు. అరచేతిలో తాడు కనపడుతుంది, రెండో చేత్తో లేపినా వేలు లేవదు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఆ మాటకొస్తే కుష్ఠు కూడా మందు మొదలుపెట్టాక అంటుకోదు, ఆ రోగిని కూడా పంక్తిలోంచి లేపక్కర్లేదు.

పీణ్య_ప్రసాద్
@హేమ_హ్యాండ్‌థెరపీ ఈ పోస్టు అన్నకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు.

రుజువు_రామం
నేను కొంచెం అడ్డు చెప్తాను, ఏమనుకోవద్దు. గడ్డ వచ్చిన ప్రతివాళ్ళకీ వేలు వంగదు. చాలామందికి ఏళ్ళ తరబడి గడ్డగానే ఉండిపోతుంది. ఏ గడ్డ ఆగుతుందో, ఏది పరిగెడుతుందో ముందే చెప్పే పరీక్ష లేదు. అలాంటప్పుడు రేడియేషన్ ఇచ్చి "చూడండి, ఆగింది" అంటే, అది రేడియేషన్ గొప్పా, జబ్బు స్వభావమా? ఇంగ్లండులో ఏ వైద్యం ఎలా వాడాలో చెప్పే నైస్ సంస్థ 2010లో ఒకసారి, 2016లో ఇంకోసారి దీనిమీద మార్గదర్శకం ఇచ్చింది. పని చేస్తుందనడానికి ఇంకా గట్టి సాక్ష్యం కావాలన్న ధోరణిలోనే ఉంది. విమానం టికెట్ కొనేముందు ఇది తెలుసుకోవడం మంచిది.

గ్రే_లెక్కలు
చెన్నైలో రేడియేషన్ ఫిజిసిస్ట్‌ని, పదిహేనేళ్ళ పైబడి ఇదే పని. రామం గారి జాగ్రత్త సరైనదే కానీ కథ అక్కడితో ఆగదు.

జర్మనీలో దీన్ని దశాబ్దాలుగా ఇస్తున్నారు. అక్కడి ఎర్లాంగెన్ యూనివర్సిటీ డాక్టర్లు తమ పేషెంట్లని సగటున 13 ఏళ్ళు వెంబడించి 2010లో ఫలితాలు ప్రచురించారు. చెయ్యి పూర్తిగా చాపగలిగి, గడ్డలు, తాళ్ళు మాత్రమే ఉన్నవాళ్ళలో 87 శాతం మందికి జబ్బు ఆగింది లేదా తగ్గింది. వంపు అప్పుడే మొదలై 10 డిగ్రీల లోపు ఉన్నవాళ్ళలో 70 శాతం. అది దాటాక లెక్క తిరగబడింది: వంపు 45 డిగ్రీల లోపున్న దశలో 62 శాతం మందికి, ఇంకా ముదిరిన దశలో 86 శాతం మందికి రేడియేషన్ ఇచ్చినా జబ్బు ముందుకే పోయింది. అంటే వంగిన వేలిని రేడియేషన్ చాపదు. ప్రసాద్ గారి అన్నగారికి దీనివల్ల ఉపయోగం లేదు, ఆయనకి సర్జనే దిక్కు. ప్రసాద్ గారికి ఉండొచ్చు.

రామం గారన్నట్టు ఎర్లాంగెన్ లెక్కలో పక్కన పెట్టి పోల్చిన గుంపు లేదు. అది దాని లోపం. దాన్ని దాచి అంకెలు చెప్పడం నాకిష్టం లేదు.

డోసు సంగతి (రేడియేషన్‌ని గ్రేలలో కొలుస్తాం): రోజుకి 3 గ్రే చొప్పున వరసగా 5 రోజులు, 15 గ్రే. తర్వాత ఆరు నుంచి పన్నెండు వారాలు విరామం. మళ్ళీ 5 రోజులు, ఇంకో 15. మొత్తం 30. తల, మెడ కాన్సర్లకి మేం ఇచ్చే దాంట్లో ఇది సగానికి సగం. పైగా వాడేది ఒంట్లోకి లోతుగా దిగని రకం: తక్కువ శక్తి ఎక్స్‌రేలు గానీ, లినాక్ అనే రేడియేషన్ మెషిన్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు గానీ. కొన్ని మిల్లీమీటర్ల లోతులో ఉన్న పొరకి అంతకంటే అక్కర్లేదు.

ఫైళ్ళ_శేషు
రెండు విడతలంటే రెండు ప్రయాణాలా?!

గ్రే_లెక్కలు
@ఫైళ్ళ_శేషు మామూలుగా అంతే. ఒకే విడతలో రెండు వారాల్లో 7 సార్లు, 21 గ్రే ఇచ్చే పద్ధతి కూడా ఉంది. జర్మనీలోనే ఎస్సెన్ అనే ఊళ్ళో జేగెన్‌ష్మీట్ అనే రేడియేషన్ డాక్టరు ఈ రెండింటినీ పోల్చి చూశారు. మొదటి ఏడాది ఫలితాల్లో పెద్ద తేడా కనపడలేదు. ఎక్కువమంది 30 వైపే మొగ్గుతారు.

మైలాపూర్_మృదంగం
నేను వెళ్ళొచ్చాను. అందుకే ఈ చర్చలోకి వచ్చాను.

మృదంగం వాయిస్తాను, చెన్నైలో పిల్లలకి నేర్పిస్తాను. కుడిచెయ్యి ఉంగరం వేలి కింద గడ్డ. ఆ వేలు మృదంగం మీద తేడాగా పడితే నాదం ఎలా ఉంటుందో వాయించేవాళ్ళకి తెలుసు. ఆరు నెలల్లో రెండో గడ్డ వచ్చింది, తాడు మొదలైంది. అప్పుడు ఇక్కడ ఇద్దరు డాక్టర్లు "ఆగండి" అన్నారు. మా అమ్మాయి జర్మనీలో చదువుతోంది, దానితో ఈమెయిల్ పెట్టించి ఫొటోలు పంపితే ఒక ఆసుపత్రి రమ్మంది.

అక్కడ నాకు నచ్చింది మెషిన్ కాదు, పరీక్ష. డాక్టరు నా చేతిని దీపం కింద ఇటూ అటూ తిప్పి, బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుకుంటూ పోయాడు. నాకు తెలిసినవి రెండు గడ్డలు. బొటనవేలి కింద మూడోది ఆయన పట్టుకున్నాడు. సన్న మార్కర్‌తో గడ్డల చుట్టూ గుండ్రంగా, తాళ్ళ పొడవునా గీతలు గీశాడు. ఆ గీత దగ్గర ఆపకుండా వేలి వైపు, మణికట్టు వైపు ఇంకొంచెం బయటికి ఇంకో గీత. ఎందుకంటే జబ్బు పాకేది అటే. ఆ బయటి గీత ఒక పారదర్శక కాగితం మీదకి దించుకుని, దాని ప్రకారం సీసం రేకుకి కిటికీ కోశారు. రోజూ కుర్చీలో కూర్చుని, చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెడితే దానిమీద ఆ సీసం రేకు. గదిలోంచి అందరూ బయటికి. ఒక చిన్న గుర్రుమనే చప్పుడు, అంతే. లేచి వచ్చి మధ్యాహ్నం మామూలుగా బజారుకి వెళ్ళాను.

తర్వాత తోలు ఎర్రబడింది, పొడిబారింది. ఇప్పటికీ ఆ మేర కాస్త పొడిగానే ఉంటుంది, కొబ్బరినూనె రాస్తాను. గడ్డలు మెత్తబడ్డాయి, తాడు ముందుకి రాలేదు. రేడియేషన్ వల్లే ఆగిందా అని రామం గారు అడిగితే, ఒక్క చెయ్యిని చూపించి ప్రమాణం చెయ్యలేను. వాయించగలుగుతున్నాను. అది నిజం.

రుజువు_రామం
@మైలాపూర్_మృదంగం ఇంత నిజాయితీగా చెప్పినందుకు సంతోషం. నాకు అభ్యంతరం వైద్యం మీద కాదు, "వెళ్తే నయం" అని అమ్మే వాళ్ళ మీద. ఇంకోటి అడుగుతాను. ఇది కాన్సర్ తెచ్చే అవకాశం లేదా? చేతికి రేడియేషన్ అంటే నాకు అదే ముందు తోస్తుంది.

గ్రే_లెక్కలు
సిద్ధాంతపరంగా ఉంది, సున్నా అని ఏ ఫిజిసిస్టూ అనడు. చేతి చివర కాబట్టి దగ్గర్లో సున్నితమైన అవయవాలు లేవు, ఒంటి మీద పడే చెదురు కిరణాలు బహు తక్కువ. వయసు చిన్నదైతే ముందున్న జీవితం ఎక్కువ, కాబట్టి ఆలోచించాలి. ముప్పైల్లో ఉన్నవాళ్ళకి నేనైతే రెండుసార్లు ఆలోచించమంటాను. 53 ఏళ్ళ మనిషికి, గడ్డ పెరుగుతుంటే, ఆ లెక్క వేరు. గర్భంతో ఉన్నవాళ్ళకి ఇవ్వరు.

నెల్లూరి_నీరజ
మా అమ్మకి షుగరు, ఇరవై ఏళ్ళ నుంచి. రెండు చేతుల్లో గడ్డలున్నాయి, నమస్కారం పెడితే అరచేతులు పూర్తిగా కలవవు. ఇదీ డూపిట్రెన్సేనా? ఆమెకి రేడియేషన్ పనికొస్తుందా?

హేమ_హ్యాండ్‌థెరపీ
@నెల్లూరి_నీరజ రెండూ కలిసి ఉండొచ్చు. షుగరు ఎక్కువ కాలం ఉంటే చేతి కీళ్ళు, తోలు మొత్తంగా బిగుసుకుంటాయి. మీరన్న నమస్కారం పరీక్షలో తెలిసేది అదే. షుగరు ఉన్నవాళ్ళకి డూపిట్రెన్స్ గడ్డలు కూడా ఎక్కువే, కాకపోతే చాలామందిలో మెల్లగా నడుస్తుంది, మధ్యవేలు, ఉంగరం వేలు వైపు ఎక్కువ వస్తుంది. వేలు వంచితే టక్కున పట్టుకుని మళ్ళీ విడుస్తుంటే అది ట్రిగ్గర్ ఫింగర్, అదింకో జబ్బు. ఈ మూడూ కలగలిసిపోయి చేతికి ఒకే మాత్ర రాసేస్తుంటారు. ముందు చేతులు చూసే సర్జన్‌కి చూపించండి. ఇంట్లో ఒక పరీక్ష చెప్తాను: అరచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టమనండి. వేళ్ళు, అరచెయ్యి పూర్తిగా బల్లకి ఆనితే ఇంకా వంపు రాలేదు. కింద పెన్ను దూరే సందు ఉంటే సర్జన్ని కలిసే టైమొచ్చింది.

కూకట్‌పల్లి_టు_కోరమంగళ
నేనిప్పుడే టేబుల్ మీద చెయ్యి పెట్టి చూసుకున్న. ఆఫీసుల పక్కోడు కూడ పెట్టిండు. మా టీమ్ మొత్తం పెట్టి కూసున్నరు, మేనేజర్ వచ్చి ప్రమాణ స్వీకారమా అని అడిగిండు 😄

మైలాపూర్_మృదంగం
😂

ఫైళ్ళ_శేషు
నవ్వుకున్నాం గానీ అసలు సంగతికొద్దాం. బెంగళూరు నుంచి వైద్యానికి షెంగెన్ వీసాలు (జర్మనీతో సహా యూరప్‌లో చాలా దేశాలకి చెల్లేవి) చేసుకున్న ఇద్దరి కాగితాలు నేను దగ్గరుండి చూశాను. ప్రసాద్ గారూ, వెళ్ళేటట్టయితే ఇవి పట్టించుకోండి.

టూరిస్టు వీసా మీద వెళ్ళి వైద్యం చేయించుకుందామని ఎవరైనా చెప్తే వినొద్దు. వైద్యం కోసమే అని రాయాలి. ఆసుపత్రి నుంచి తేదీలు, ఖర్చు వేసిన లెటరు, ఇక్కడి డాక్టరు రిపోర్టు, డబ్బు ఎవరు కడుతున్నారో రుజువు. షెంగెన్ లెక్క 180 రోజుల్లో 90 రోజులు. మీ రెండు విడతలూ ఆ గడువులో పట్టేస్తాయి, కానీ ఒకసారి వచ్చి వెళ్ళే వీసా ఇస్తే రెండో విడతకి మళ్ళీ మొదటికొస్తారు. అందుకని దరఖాస్తులోనే ఎక్కువసార్లు ప్రవేశం అడిగి, రెండు విడతల తేదీలూ ఆసుపత్రి లెటర్లో ఉండేట్టు చూసుకోండి. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు, దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కంపెనీ చార్జీ అదనం. ప్రయాణ బీమా 30,000 యూరోలకి తప్పనిసరి, అయితే అది హఠాత్తుగా వచ్చే జబ్బులకే. ముందే అనుకున్న రేడియేషన్‌కి అందులో పైసా రాదు. మన దేశంలో తీసుకున్న ఆరోగ్య బీమాలు మామూలుగా ఇక్కడి ఆసుపత్రులకే. కాబట్టి అంతా చేతి డబ్బే అనుకోండి.

బ్యాంకు నుంచి పంపేటప్పుడు కారణం వైద్యం అని సరిగ్గా రాయించండి. ఏడాదిలో 10 లక్షల దాకా టిసిఎస్ (విదేశాలకి పంపే డబ్బు మీద బ్యాంకు ముందే పట్టే పన్ను) పట్టరు. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి, మ్యూనిక్‌కి నేరుగా విమానాలున్నాయి, చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఉంది. మీ బావమరిది డ్యూసెల్డార్ఫ్ అన్నారు కాబట్టి బస ఖర్చు తప్పినట్టే. ఎస్సెన్ అక్కడికి రైల్లో అరగంట.

మైలాపూర్_మృదంగం
శేషు గారి మాట ప్రతి అక్షరం నిజం. నా ఖర్చులో ఎక్కువ భాగం విమానాలకీ బసకే పోయింది.

అంబత్తూరు_అనసూయ
ఇంతసేపూ చదువుతూ ఆగాను, ఇంక చెప్పకుండా ఉండలేను. జర్మనీ దాకా ఎందుకు? నాకు ఇదే పొర జబ్బు పాదం అడుగున వచ్చింది. లెడెర్‌హోస్ అంటారు. రాయి మీద అడుగేసినట్టు నొప్పి. ఇంట్లో చెప్పులు లేకుండా నడవలేకపోయేదాన్ని, పూజగదిలోకి కూడా. నేను చెన్నైలోనే రేడియేషన్ చేయించుకున్నాను. మెషిన్ అదే, ఎలక్ట్రాన్లు అవే. పాదం మీద బోలస్ అని మెత్తటి జెల్ పలక పరిచి ఇచ్చారు. ఇంటి నుంచి ఆటోలో వెళ్ళి ఆటోలో వచ్చాను.

కష్టమంతా ఒప్పించడం దగ్గరే. మొదటి చోట "కాన్సర్ కాని దానికి మేం ఇవ్వం" అని ఒక్క ముక్కలో పంపేశారు. కాగితం కూడా చూడలేదు, ఆ రోజు చాలా కోపమొచ్చింది. రెండో చోట డాక్టరమ్మ శ్రద్ధగా విని, "వారం టైమివ్వండి, చదివి చెప్తాను" అన్నారు. వాళ్ళ డిపార్ట్‌మెంట్ మీటింగులో పెట్టి, ప్లాన్ వేసి పిలిచారు. నొప్పి మెల్లగా తగ్గింది, నెలలు పట్టింది. ఇప్పుడు నడుస్తున్నాను.

గ్రే_లెక్కలు
@అంబత్తూరు_అనసూయ నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పారు. ఎలక్ట్రాన్లు ఇచ్చే లినాక్ చెన్నైలో, బెంగళూరులో చాలాచోట్ల ఉంది. కాన్సర్ కానివాటికి రేడియేషన్ మన దేశంలో కొత్త కూడా కాదు. కీలాయిడ్ మచ్చలు (గాయం మానాక ఉబ్బి పెరిగేవి) కోసి తీశాక మళ్ళీ రాకుండా ఇస్తూనే ఉన్నాం. మెషిన్ కొరత కాదు, డూపిట్రెన్స్ చేతులు ఎక్కువ చూసిన డాక్టర్ల కొరత. జబ్బు ఉత్తర యూరప్ వాళ్ళలో చాలా ఎక్కువ, మనలో తక్కువ. అక్కడి డాక్టరు వారంలో చూసేన్ని చేతులు ఇక్కడివాళ్ళు ఎన్నో ఏళ్ళకి గానీ చూడరు. మృదంగం గారికి మూడో గడ్డ దొరికింది ఆ అలవాటు వల్లే. ఎక్కడిదాకా గీత గీయాలన్నదే ఈ వైద్యంలో అసలు పని. గీత బయట వదిలేసిన చోట జబ్బు పెరిగితే ఎంత మంచి మెషిన్ అయినా ఏం చేస్తుంది?

హోసూరు_హరి
అయితే జర్మనీయే మేలంటారా?

గ్రే_లెక్కలు
కాదు. చేతుల సర్జన్, రేడియేషన్ డాక్టరు ఇద్దరూ కలిసి ఒకే చేతిని చూసే చోటు వెతకమంటాను. సర్జన్ గడ్డల్ని గుర్తిస్తే రేడియేషన్ వాళ్ళు దాని ప్రకారం కొలతలు వేస్తారు.

చిత్తూరు_చంద్ర
అట్లాంటి చోటు మీకు దగ్గర్లోనే ఉండాది గదన్నా. వేలూరు సీఎంసీ ఆసుపత్రి. బెంగళూరికీ మద్రాసుకీ నడిమద్దిలో. మా చిత్తూరోళ్ళం జొరమొచ్చినా ఆడికే పోతాం. చేతుల ఆపరేషన్లకు దానికి ఎప్పటినించో పేరుంది. పాల్ బ్రాండ్ అనే దొర అప్పట్లో కుష్ఠు రోగుల వంగిన చేతులకు ఆడనే ఆపరేషన్లు చేసి లోకానికి నేర్పించినాడు. ఆయన పేరు మీద చేతుల సర్జరీ సెంటరు ఉంది, రేడియేషన్ డిపార్ట్‌మెంటు ఉంది. అన్నను గూడా తీసకపోండి. తమ్మునిది ఆపేదానికి, అన్నది సరిజేసేదానికి ఒకే దారి ఖర్చు.

పీణ్య_ప్రసాద్
@చిత్తూరు_చంద్ర ఇది నాకు తట్టలేదు. వేలూరికి దిగే కాట్పాడి స్టేషన్‌కి రైల్లో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా చేరొచ్చు.

రుజువు_రామం
సర్జరీ వైపు వెళ్ళేవాళ్ళకి కోయంబత్తూరు గంగా హాస్పిటల్ కూడా చేతుల పనికి పేరున్నదే. ఇంకో మాట, ఇంజెక్షన్ గురించి అడుగుతారేమో: తాడుని కరిగించే కొల్లాజినేజ్ మందుకి అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. యూరప్ మార్కెట్‌లోంచి 2020లో తీసేశారు. కాబట్టి దానికోసం జర్మనీ వెళ్ళి లాభం లేదు. అది కూడా వంగిన వేలికే.

వీణ_విజయనగరం
తొలిదశ గడ్డకి ఇంకేదో ఇంజెక్షన్ ప్రయోగం జరిగిందని విన్నాను?

రుజువు_రామం
@వీణ_విజయనగరం అవును, కీళ్ళవాతానికి వాడే అడాలిముమాబ్. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు గడ్డలోకే నేరుగా, మూడు నెలలకోసారి ఏడాది పాటు ఇచ్చారు. మందు లేని ఉత్త సూదితో పోల్చి చేసిన ప్రయోగం, 2022లో ప్రచురించారు. గడ్డలు మెత్తబడి చిన్నవయ్యాయి. వేలు వంగకుండా ఆపుతుందా అన్నది ఇంకా తేలాలి. రేడియేషన్‌కి ఇలాంటి పోలిక ప్రయోగాలు ఇంకా జరగాలన్నదే నా పట్టు.

వీణ_విజయనగరం
చేతిని అదిరించే యంత్రాలతో పనిచేసేవాళ్ళకి ఇది ఎక్కువ వస్తుందా? ప్రసాద్ గారిది లేతు షాపు కదా.

హేమ_హ్యాండ్‌థెరపీ
వైబ్రేషన్ ఉన్న పనిముట్లు ఏళ్ళ తరబడి వాడితే ఎక్కువని లెక్కలున్నాయి. కానీ అన్నకీ తమ్ముడికీ ఇద్దరికీ వచ్చిందంటే ఇంటి రక్తమే పెద్ద కారణం. పొగ, మందు, షుగరు కూడా కలుస్తాయి. బ్రిటన్ ప్రధాని థాచర్‌కి కూడా వచ్చింది, 1986లో ఆపరేషన్ చేయించుకుంది. ఆవిడ లేతు తిప్పలేదు.

నువ్వుల_నూనె
సరే తల్లీ, నేను ఒప్పుకున్నా. రేడియేషన్ తర్వాత పొడిబారిన తోలుకైనా నా నూనె రాయనిస్తారా?

హేమ_హ్యాండ్‌థెరపీ
రేడియేషన్ రోజుల్లో డాక్టరు చెప్పింది మాత్రమే. ఎరుపు తగ్గాక మీ నూనెకి అడ్డు చెప్పను. మెల్లగా రాయాలి, పిసకొద్దు.

హోసూరు_హరి
రేడియేషన్ తీసుకున్నాక ఒకవేళ వేలు వంగితే అప్పుడు ఆపరేషన్ చెయ్యొచ్చా? తోలు పాడైపోతే సర్జన్లు ముట్టుకోరేమో అని.

గ్రే_లెక్కలు
చేస్తారు. తర్వాత ఆపరేషన్ చేసిన కేసులు ప్రచురించి ఉన్నాయి. కాకపోతే సర్జన్‌కి ముందే చెప్పాలి, ప్లాన్ కాగితాలు చూపించాలి. తోలు మానడంలో జాగ్రత్త ఎక్కువ పడతారు. అందుకే ఎక్కడ చేయించుకున్నా డోసు, బొమ్మ ఉన్న కాగితం అడిగి తెచ్చుకుని దాచుకోండి. జర్మన్‌లో ఇస్తే ఇంగ్లీషు కాపీ అడగండి.

మైలాపూర్_మృదంగం
ప్రసాద్ గారికి ఒక పని చెప్తాను, పైసా ఖర్చు లేదు. తెల్లకాగితం మీద చెయ్యి పెట్టి పెన్నుతో చుట్టూ గీసుకోండి. లోపల గడ్డ ఎక్కడుందో, ఎంతుందో, తాడు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టి తేదీ వెయ్యండి. మూడు నెలలకోసారి ఇంకో కాగితం. నా చేతిని జర్మనీ డాక్టరు చూడగానే మొదట అడిగింది "ఇది ఎంత వేగంగా పెరుగుతోంది" అనే. నా దగ్గర కాగితాలున్నాయి కాబట్టి చూపించాను. పెరగని గడ్డకి రేడియేషన్ వద్దని వాళ్ళే పంపేసిన మనిషిని నేను అదే వరండాలో చూశాను.

రుజువు_రామం
ఈ సలహాకి నా రెండు చేతులూ పైకెత్తుతున్నా.

పీణ్య_ప్రసాద్
అందరి మాటలూ నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఇవాళ చేసిన పనులు చెప్తాను.

చెయ్యి కాగితం మీద గీశాను. నా ఫోన్లో ఏడెనిమిది నెలల కిందటి ఫొటో ఒకటి దొరికింది, ఆయుధపూజ నాడు మెషిన్‌కి కుంకుమ పెడుతున్నది. అరచెయ్యి తెరిచి ఉంది. పెద్దది చేసి చూస్తే గడ్డ ఉంది, గుంట ఉంది, తాడు లేదు. ఇప్పుడు తాడు వేలి మొదటి గీత దాకా వచ్చింది. కాబట్టి నాది కూర్చున్న గడ్డ కాదు, నడుస్తున్నది. రామం గారూ, మీరు అడ్డు చెప్పబట్టే ఈ ఫొటో వెతికాను.

వేలూరు చేతుల సెంటర్‌లో అపాయింట్‌మెంట్‌కి నమోదు చేశాను, నాకూ అన్నకీ. అన్న ముందు రానన్నాడు, ఇన్నేళ్ళు ఇలాగే గడిచాయి కదా అన్నాడు. హేమ గారి పోస్టు మళ్ళీ చదివి వినిపించాను. వస్తానన్నాడు. అక్కడ రేడియేషన్ వాళ్ళు సరేనంటే ఇంక జర్మనీ మాట లేదు. కాదంటే బావమరిది ఎస్సెన్ వైపు కనుక్కుంటానన్నాడు, శేషు గారు చెప్పిన లెటర్ల సంగతి అతనికి పంపాను.

గ్రే_లెక్కలు
మంచి వరస. అక్కడ ఈ ప్రశ్నలు అడగండి: ఎలక్ట్రానా, ఎక్స్‌రేనా? శక్తి ఎంత? బోలస్ వేస్తారా? గడ్డ చుట్టూ ఎంత మేర కలుపుతున్నారు? మిగతా వేళ్ళకి సీసం అడ్డు ఉంటుందా? రెండో విడత ఎన్ని వారాలకి? వీటికి తడుముకోకుండా జవాబు చెప్తే చేయించుకోండి. చెప్పకపోతే ఊరు ఏదైనా సరే, దేశం ఏదైనా సరే, లేచి వచ్చేయండి.

చిత్తూరు_చంద్ర
కాట్పాడిలో దిగినాక ఆటోవోళ్ళు ఎక్కువడిగితే బస్సెక్కండన్నా, ఆసుపత్రి కాడే దించుతాది. రూము ముందే చూసుకోండి, ఆ చుట్టుపక్కల లాడ్జీలు ఎప్పుడూ నిండే ఉంటాయి.

నెల్లూరి_నీరజ
@పీణ్య_ప్రసాద్ మేమూ అమ్మని అక్కడికే తీసుకెళ్దామనుకుంటున్నాం. మీకు తేదీ ఖాయమయ్యాక ఇక్కడ రాయండి, ఒకే వారమైతే అక్కడ కలుద్దాం.

పీణ్య_ప్రసాద్
@నెల్లూరి_నీరజ తప్పకుండా రాస్తానమ్మా. అమ్మగారి షుగరు రిపోర్టులు, పాత మందుల చీటీలు కూడా పెట్టుకోండి.